యార్డులో గొడవ రాస్తున్న అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

నీ కథ అందింది. మిర్చి యార్డులో రైతుకీ వ్యాపారికీ గొడవ, మంచి చోటే పట్టుకున్నావు. అయితే రెండో పేజీలో "వాతావరణం హీటెక్కింది" అన్నావు. మూడో పేజీలో "మాటలు మరింత హీటెక్కాయి", చివర్లో "వేడి తారస్థాయికి చేరింది". ఇంగ్లిషువాళ్లకు కూర వేడి చేయడానికైనా, ఎన్నికల పోటీ ముదరడానికైనా ఒకటే హీటప్. మనవాళ్లూ ఇంజిన్ హీటెక్కిందనే అంటారు. ఆటో డ్రైవరు నోట ఆ మాట వస్తే కొట్టేయకు. కానీ గొడవ దగ్గర అదే మాట నువ్వే చెప్పేస్తే మాకు కబురు అందుతుంది గానీ సెగ తగలదు.

మన వైపు తగాదా ఎంత దూరం వచ్చిందో పిలుపులో తెలుస్తుంది. "రండి బాబాయ్‌గారూ" అన్నవాడు కాసేపటికి "ఏమండీ" అంటాడు, ఆ తర్వాత "ఏమయ్యా", ఇంకాసేపటికి "పోవోయ్". నీ రైతు మొదటి లైనులోనే "ఏరా" అనేశాడు, ఇంక ఎక్కడికి పెంచుతావు? ఇంకో సంగతి. ఇరవై ఏళ్లుగా "ఒరేయ్" అని పిలుచుకున్నవాడు ఉన్నట్టుండి "తమరెంతంటే అంతేనండీ" అన్నాడంటే, అది బూతు కన్నా ఘోరం.

వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. గింజ గలగలమంటోందా అని చెవి దగ్గర ఆడిస్తాడు. ఒకటి విరిచి చూసి, "తేమ ఉంది" అంటూ మిగతావి నేల మీద పడేస్తాడు. రైతు మాట్లాడకుండా వంగి వాటిని ఏరుకుంటాడు. గొడవ మొదలైంది అక్కడ. నువ్వేమో రేటు చెప్పిన దగ్గర్నుంచి ఎత్తుకున్నావు. పైగా ఆ ఘాటులో గొంతెత్తినవాడికి దగ్గు రాకుండా ఉండదు. సగం తిట్టు దగ్గులో పోతే పక్కనున్న హమాలీ నవ్వుతాడు, ఆ నవ్వు చాలు అసలు తన్నులాటకి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ముక్క తీసెయ్. నీ కథ ఫిబ్రవరిలో నడుస్తోంది, రోహిణి మే నెలాఖరుకి గానీ రాదు.

మళ్లీ రాసేముందు ఒకసారి యార్డుకు వెళ్లిరా. ఎండాకాలంలో సెలవులిచ్చేస్తారు, ఆలోపే వెళ్లు. పొద్దున్నే, ముక్కుకి చున్నీ కట్టుకుని.

ఆశీస్సులతో,
మాస్టారు