స్టిక్కర్లు చెరిగిపోయిన పాత సైకిలుకు సరిపడే విడిభాగాలను ఎలా గుర్తించాలి?

తాతగారి సైకిలును మళ్ళీ నడిపించాలని ఉందనీ, రంగు ఊడిపోయి కంపెనీ పేరు కనిపించడం లేదనీ, పేరు తెలియకుండా విడిభాగాలు ఎలా కొనాలనీ మీరు అడిగారు. ముందుగా ఆ పేరు కోసం వెతకడం మానెయ్యమని నా మనవి. మన దేశంలో దశాబ్దాల పాటు తయారైన పెద్ద నల్ల సైకిళ్ళన్నీ, ఏ కంపెనీవైనా, దాదాపు ఒకే ఆంగ్లేయుల నమూనా నుంచి వచ్చినవి. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూతపడింది. అయినా ఆ సైకిళ్ళు ఈనాటికీ మన రోడ్ల మీద తిరుగుతున్నాయంటే, వాటికి పట్టే భాగాలు లూధియానా నుంచి ఇప్పటికీ వస్తూనే ఉండటం వల్లనే. పేరు పోయినా కొలత మిగిలే ఉంటుంది, మీరు చదవవలసింది దానినే. ఈ సంగతి నాకు ఒక చిన్న పిన్ను నేర్పింది కనుక, ముందు దాని గురించే వివరంగా రాస్తాను.

మా నాన్నగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. ఆయనది 28 అంగుళాల సైకిలు, తీగ బ్రేకులు కాకుండా కడ్డీ బ్రేకులు ఉన్నది. ఆయన పోయిన తరువాత అది పెరటి వసారాలో పదేళ్ళకు పైగా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేశాక, నేను దానిని బయటికి తీసి, తుప్పు గీకించి, ఓవరాయిలింగ్ చేయించి, ఉదయం పూట రామతీర్థం దాకా తొక్కడం మొదలుపెట్టాను. కొన్ని వారాలకు ఎడమ పెడల్ కిందికి దిగిన ప్రతిసారీ టక్కుమని శబ్దం రావడం మొదలైంది. పెడల్‌ను మోసే క్రాంకును నడిమి ఇరుసుకు బిగించి పట్టే కాటర్ పిన్ను అరిగిపోయిందని దగ్గరలోని ఒక దుకాణంలో చెప్పారు. అది నిజమే. అయితే అక్కడి కుర్రవాడు నట్టు తీసేసి, క్రాంకు కింద ఏ ఆధారమూ పెట్టకుండా, పిన్ను మర మీద నేరుగా సుత్తితో పది దెబ్బలు వేశాడు. పాత పిన్ను తల చితికి పుట్టగొడుగులా విచ్చుకుని ఎట్టకేలకు ఊడింది. దానిని తుక్కు డబ్బాలో పారేసి, డబ్బాలో చేతికందిన పిన్ను తీసి, "ఇది అన్నిటికీ పట్టేస్తాదండి" అంటూ కొట్టి బిగించాడు. శబ్దం ఆగిపోయింది కాబట్టి నేను డబ్బిచ్చి వచ్చేశాను.

మరునాటి ఉదయం నుంచి తొక్కుడులో ఏదో తేడా తెలిసింది. కుడి కాలు చుట్టు పూర్తి చేసే వేళకు ఎడమ కాలు ఇంకా కొంచెం వెనకబడి ఉన్నట్టు, చదునైన రోడ్డు మీద కూడా ఒక పక్కకు కుంటుతున్నట్టు అనిపించేది. వారం తిరిగేసరికి ఎడమ మోకాలు నొప్పి పుట్టింది. వయసు వల్ల వచ్చిందనుకుని తైలం రాసుకున్నాను గానీ, సైకిలు వల్ల కావచ్చునన్న ఆలోచన చాలా రోజుల దాకా రాలేదు. ఒక సాయంత్రం సైకిలును స్టాండు మీద నిలిపి, కుడి క్రాంకును నేలకు సమాంతరంగా పెట్టి వెనక నుంచి చూస్తే, ఎడమ క్రాంకు సమాంతరంగా లేదు, కిందికి వాలి ఉంది. నా పాత కోణమానిని పెట్టి చూశాను. రెండింటి మధ్య 180 డిగ్రీలు ఉండవలసిన చోట 174 డిగ్రీలే ఉన్నాయి. ఇన్నేళ్ళు పిల్లలకు సరళకోణం గురించి చెప్పినవాడిని, ఆ ఆరు డిగ్రీలను నా మోకాలితో భరిస్తూ వచ్చాను.

అప్పుడు విజయనగరంలో గంటస్తంభానికి కొంచెం దూరంలో, నాన్నగారి కాలం నుంచీ సైకిళ్ళు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన సైకిలును చూడకముందే "పాత పిన్ను ఏదండి, మాస్టారూ?" అని అడిగారు. తుక్కులో పోయిందని చెబితే, చాలాసేపు ఏమీ అనకుండా కుడి వైపు పిన్ను నట్టును పిన్ను కొస దాకా వదులు చేసి, క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్కను నిలబెట్టి, ఒకే ఒక్క బలమైన దెబ్బతో పిన్నును దించారు. మర ఏ మాత్రమూ చెడలేదు. ఎడమ పిన్నునూ అలాగే తీసి, రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి నాకు చూపించారు.

"చూడండి మాస్టారూ, ఇవి ఒక తల్లి పిల్లలు కావండి. దీని చెక్కుడు ఎక్కువున్నాది."

ఆ మాట అర్థం కావాలంటే కాటర్ పిన్ను రూపం తెలియాలి. అది గుండ్రని ఉక్కు కడ్డీ ముక్క. ఒక పక్కన ఏటవాలుగా చదును చేసి ఉంటుంది, ఆ చదును ఇరుసుకు ఉన్న గాడిలో కూర్చుని క్రాంకును కదలకుండా పట్టుకుంటుంది. ఆ చదునునే పెద్దాయన చెక్కుడు అన్నారు. అది ఎంత లోతుగా, ఎంత ఏటవాలుగా ఉందన్న దానిని బట్టి క్రాంకు నిలిచే కోణం మారిపోతుంది. రెండు పక్కలా ఒకే రకం చెక్కుడు ఉంటేనే, రెండు పిన్నులనూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో దూర్చితేనే, రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలుస్తాయి. నా సైకిలుకు దిశ సరిగానే ఉంది, చెక్కుడే వేరు. కాబట్టి కాటర్ పిన్నును ఒక్కటిగా మార్చకూడదు, ఒకే పొట్లంలోని జతను వేయాలి. చెక్కుడుతో పాటు లావు కూడా చూడాలి: ఆంగ్లేయుల నమూనా సైకిళ్ళలో పిన్ను లావు 9.5 మిల్లీమీటర్లు, కొన్ని ఇతర దేశాల నమూనాల్లో 9 మిల్లీమీటర్లు. ఆ అర మిల్లీమీటరు కంటికి ఆనదు గానీ, తొమ్మిది పిన్ను తొమ్మిదిన్నర రంధ్రంలో పడితే కొద్ది రోజుల్లోనే క్రాంకు ఊగుతుంది, ఇంకొన్నాళ్ళకు రంధ్రమే కోలగా సాగిపోతుంది. పెద్దాయన కొత్త జతలో ఒక్కొక్క పిన్నునూ క్రాంకు రంధ్రంలో వేలితో నెట్టి చూశారు; వేలితో నెడితే దూరాలి, దూరాక పక్కకు ఊగకూడదు. ఒకసారి బిగించి మళ్ళీ తీసి, చెక్కుడు మీద ఇరుసు రాసుకున్న గుర్తు ఎక్కడ పడిందో చూసి, గుర్తు ఒక అంచున మాత్రమే పడిన చోట ఆకురాయితో నాలుగు సార్లు రుద్ది, మళ్ళీ బిగించారు. మొత్తం పనికి అరగంట పట్టింది. నా మోకాలు నొప్పి పది రోజుల్లో తగ్గింది. పాత సైకిళ్ళు తొక్కేవారి కీళ్ళ నొప్పుల్లో సగం ఇలాంటి తప్పుడు విడిభాగాల వల్లనే వస్తున్నాయని అప్పటి నుంచి నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ రోజు నుంచి ఊడదీసిన ఏ భాగాన్నీ కొత్తది బిగిసి నెల తిరిగే దాకా నేను పారేయను, ఎవరినీ పారేయనివ్వను. దుకాణానికి వెళ్ళి "పాత హెర్క్యులీస్‌కు ఇరుసు ఇవ్వండి" అని అడగడం కన్నా, అరిగిపోయిన ఇరుసును కౌంటరు మీద పెట్టి "దీనికి జోడు ఇవ్వండి" అని అడగడం నూరు రెట్లు మేలు. మన దగ్గర సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక, పాత భాగాన్ని కిరసనాయిలులో నానబెట్టి శుభ్రం చేశాకే కొలవండి. తుప్పు పొర మీద తీసిన కొలత ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

టైరు విషయంలో జనం పోగొట్టుకునే డబ్బును తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. సైకిలు టైర్లను అంగుళాల్లో పిలిచే పద్ధతి గణితానికే అవమానం. ఒకటిన్నర అన్నా 1.5 అన్నా ఒకటే సంఖ్య అని మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ 26 × 1½ అని భిన్నంలో రాసిన టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 584 మిల్లీమీటర్లు, 26 × 1.5 అని దశాంశంలో రాసిన దానిది 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ అయితే 590. మూడూ 26 అంగుళాలవే, ఒకదానికి ఒకటి పట్టదు. నేను కూడా ఒకసారి ఇంటర్నెట్‌లో "28 అంగుళాల సైకిలుకు" అని రాసి ఉన్న టైరును తెప్పించి, ఒక పూటంతా దానిని ఎక్కించబోయి రెండు ట్యూబులు చింపుకున్నాను. మన పెద్ద సైకిలు 28 × 1½ టైరు రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. వచ్చిన టైరు 622 రకానిది. విదేశాల్లో దానినీ 28 అనే పిలుస్తారు. కొలత ఏదో మిల్లీమీటర్లలో చెప్పకుండా అంగుళం ఒక్కటే రాసి అమ్మేవారి దగ్గర టైరు కొనకండి.

టైరు పక్క గోడ మీద 40-635 వంటి అంకెల జత ఉంటే మీ అదృష్టం. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి, రెండో అంకె తప్పనిసరిగా కలవాలి. అంకెలు అరిగిపోయి ఉంటే నేను చేసే పద్ధతి ఇది: టైరును ఊడదీసి, రిమ్ములో టైరు అంచు కూర్చునే మెట్టు మీద, నడిమి పల్లంలో కాకుండా, సాగని సన్నని దారాన్ని ఒక చుట్టు చుట్టి కొలవాలి. ఆ పొడవును 3.1416తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దారం 1995 మిల్లీమీటర్ల దగ్గర వస్తే 635, 1954 వస్తే 622, 1853 లేదా 1854 వస్తే 590, 1835 వస్తే 584, 1756 వస్తే 559. వ్యాసాన్ని నేరుగా స్కేలుతో కొలిస్తే 590కీ 584కీ ఉన్న ఆరు మిల్లీమీటర్ల తేడా చేతి తప్పులో కలిసిపోతుంది. అదే తేడా దారం మీద 19 మిల్లీమీటర్లుగా పెరిగి కనిపిస్తుంది.

రిమ్మే మార్చవలసి వస్తే వ్యాసం ఒక్కటీ కలిస్తే చాలదు. కడ్డీ బ్రేకుల రబ్బర్లు రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే పుల్లలు వచ్చే వైపును, పైకి లాగి పట్టుకుంటాయి. తీగ బ్రేకుల రబ్బర్లు రిమ్ము పక్కలను నొక్కుతాయి. అందుకే రెండింటి రిమ్ములూ ఆకారంలోనే వేరు, ఒకదాని చోట ఇంకొకటి వేస్తే బ్రేకు పట్టదు. పుల్లల రంధ్రాలను కూడా లెక్కపెట్టండి. పాత పద్ధతిలో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 ఉంటాయి. ఇప్పుడు దొరికే రిమ్ముల్లో 36 రంధ్రాలవి ఎక్కువ కాబట్టి, పుల్లలు వచ్చి కలిసే చక్రం నడిమి భాగాన్ని, అంటే పాత హబ్బును, ఉంచుకుంటూ అలాంటి రిమ్మును కొంటే రెండూ కలవవు.

చైను కొలవడం సులువు. దాని ఒక్కొక్క కీలు అర అంగుళం కనుక, ఒక పిన్ను మధ్య నుంచి ఇరవై నాలుగు కీళ్ళు లెక్కపెడితే సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువ వస్తే వెనక ఫ్రీవీలు పళ్ళు కూడా దానితో పాటు అరిగిపోయాయని అర్థం, కొత్త చైను ఒక్కటే వేస్తే అది పళ్ళ మీద జారుతుంది. గేర్లు లేని సైకిలుకు అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు చైను అడగండి, గేర్ల సైకిలు చైను అంతకంటే సన్నగా ఉండి ఈ పళ్ళ మీద కూర్చోదు.

మరల దగ్గర మాత్రం తొందరపడితే వస్తువు చేతిలోనే పాడవుతుంది. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుంది, బిగించేటప్పుడు దానిని అపసవ్యంగా తిప్పాలి. పెడల్ ఇరుసు కొస మీద ఎల్ లేక ఆర్ అని చెక్కి ఉంటుంది. నడిమి ఇరుసు గొట్టంలో, ఇరుసు తిరిగే ఉక్కు గుళ్ళను పట్టి ఉంచే కుడి పక్క కప్పుకు కూడా ఎదురు మరే. ఆ కప్పుల మరకు సాధారణంగా అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. కంపెనీ పేరు అవసరమయ్యే ఒకే ఒక్క సందర్భం ఇక్కడే ఉంది: ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన పాత రాలీ సైకిళ్ళకు అంగుళానికి 26 చుట్ల మర ఉండేది, వాటిలో మామూలు కప్పును బలవంతంగా తిప్పితే ఫ్రేము మరే తెగిపోతుంది. స్కేలును మర పక్కన ఆనించి ఒక అంగుళంలో ఎన్ని గీతలు ఉన్నాయో భూతద్దంతో లెక్కపెడితే ఇది ముందే తెలిసిపోతుంది. లోపలి ఉక్కు గుళ్ళను కూడా కొలిచే కొనండి. నడిమి ఇరుసులోనూ వెనక హబ్బులోనూ పావు అంగుళం గుళ్ళు, ముందు హబ్బులో 3/16 అంగుళం గుళ్ళు ఉండటం సాధారణం. వాటిని ఒకటీ అరా మార్చవద్దు, అరిగిన గుళ్ళ మధ్య కొత్తది పెద్దదిగా నిలిచి బరువంతా తానే మోస్తుంది.

మీరు ముందుగా నాలుగు కొలతలు తీసి ఇక్కడ రాయండి: రెండు రిమ్ముల దారం పొడవు, ముందు వెనక పుల్లల రంధ్రాల సంఖ్య, చైను ఇరవై నాలుగు కీళ్ళ పొడవు, బ్రేకులు కడ్డీవా తీగవా అన్నది. వాటిని చూసి దుకాణంలో ఏమని అడగాలో ఒక్కొక్కటిగా చెబుతాను. కాటర్ పిన్నుల జోలికి మాత్రం అప్పటి దాకా వెళ్ళకండి. వాటి లావును క్రాంకు బయటికి కనిపించే కొస దగ్గర తెలుసుకోవడం కష్టం కనుక, విప్పే రోజున 9.5 మిల్లీమీటర్ల జత ఒకటి, 9 మిల్లీమీటర్ల జత ఒకటి ముందే తెచ్చి పక్కన పెట్టుకోండి.