పై గదికి వైఫై: రిపీటర్ కన్నా పాత రౌటరే నయం

పటమటలో డాబా ఇల్లు, కింద హాల్లో రౌటర్, పై గదిలో రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పెట్టె) పెట్టాక సిగ్నల్ ఫుల్‌గా చూపిస్తున్నా వీడియో కాల్ తెగిపోతోందని రాశారు కదండీ. తెగక ఏం చేస్తుంది! చవక రిపీటర్ ఒకే రేడియోతో ఇటు విని అటు మళ్ళీ చెప్పాలి, వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఫోన్ చూపించేది రిపీటర్ దాకా ఉన్న సిగ్నలే, అక్కణ్ణుంచి రౌటర్ దాకా సంగతి దానికి తెలీదు.

ఆ రిపీటర్ తీసేయండి. అటక మీద పాత రౌటర్ ఉందన్నారుగా, చాలు. ల్యాప్‌టాప్‌కి కలిపి దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) మార్చండి: కింది రౌటర్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. కొత్త అడ్రస్‌తో మళ్ళీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ ఐపీ అడ్రస్‌లు పంచే పని, ఆపేయండి. అసలు కిటుకు ఇదే. ఆపకపోతే రెండు రౌటర్లూ ఎవరికి వారు అడ్రస్‌లు పంచిపెట్టి, నెట్ వస్తూ పోతూ ఉంటుంది. కింది రౌటర్ నుంచి పైకి తెచ్చిన కేబుల్‌ని పాత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ లైన్‌ది) కాదు, ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపేది) పెట్టాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు రౌటర్లలోనూ ఒకేలా ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఛానెల్ మాత్రం ఒకదానికొకటి అడ్డు రాకుండా కింద 1, పైన 6 లేదా 11 పెట్టండి.

కేబుల్ క్యాట్ 6 తీసుకోండి, పూర్తి రాగిది. సీసీఏ అని ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దు. గోడ బయట నుంచి లాగేటట్టయితే అవుట్‌డోర్ రకమే అడగండి. బెజవాడ ఎండలకి మామూలు తొడుగు పెళుసుబారిపోతుంది.

డీహెచ్‌సీపీ మెనూ దొరక్కపోతే పాత రౌటర్ మోడల్ నంబర్ పెట్టండి, చూసి చెప్తా.