గర్భిణికి వైద్యం సకాలంలో అందాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా చెల్లెలికి రెండో నెల నిండింది. వేవిళ్లు తప్ప వేరే బాధ ఏదీ లేదు. అయిదో నెల దాటాక ఒకసారి, నెలలు నిండాక ఒకసారి చూపించుకుంటే చాలునని ఇంట్లో అంటున్నారు. ఏ బాధా లేనప్పుడు ఆసుపత్రి చుట్టూ తిరగడం ఎందుకన్నది వారి వాదన. ఇది సరైనదేనా?

జవాబు: కాదు. మీ చెల్లెలిని ఈ నెలలోనే తీసుకువెళ్లండి. పన్నెండు వారాలు దాటకముందే మొదటి పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. చివరి బహిష్టు తేదీని తొలి నెలల స్కానింగుతో సరిచూసుకున్నప్పుడే ప్రసవపు తేదీ దాదాపు కచ్చితంగా తెలుస్తుంది. నెలలు గడిచేకొద్దీ స్కానింగు చూపే తేదీలో తేడా పెరుగుతుంది కనుక, బిడ్డ సరిగా ఎదగడం లేదా లేక లెక్కే తప్పిందా అన్నది తేల్చుకోవడం తరువాత కష్టమవుతుంది. రక్తపోటు సంగతీ అంతే. మొదట్లో ఎంత ఉండేదో రాసిపెట్టి ఉంటేనే, ఏడో నెలలో అది పెరిగినప్పుడు పాత జబ్బా, గర్భం వల్ల కొత్తగా వచ్చినదా అన్నది వైద్యులు చెప్పగలరు. సిఫిలిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి వంటివి ముందుగా బయటపడితే, చికిత్సతో అవి బిడ్డకు సోకకుండా చాలా వరకు ఆపవచ్చు. గుర్రపువాతానికి (గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు) దారితీసే రక్తపోటు వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. దానిని ఇరవై వారాల లోపే మొదలుపెట్టడం మంచిది. అయిదో నెల దాటాక వెళ్లిన స్త్రీకి ఆ అవకాశం చేజారిపోతుంది.

బాధ లేదు కదా అన్న మాటకు నేను విలువ ఇవ్వలేను. రక్తపోటు పెరిగినా చాలామందికి తొలి దశలో ఏమీ తెలియదు. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గిన స్త్రీ తన నీరసాన్ని గర్భంతో పాటు వచ్చే అలసటగానే భావిస్తుంది. ఈ రెండింటినీ పరీక్ష చేసి పట్టుకోవలసిందే.

ఇక ఎన్నిసార్లు వెళ్లాలన్నది. పూర్వం నాలుగుసార్లు చాలుననేవారు. 2016 మార్గదర్శకాలు దానిని ఎనిమిదికి పెంచాయి: 12 వారాల లోపు ఒకసారి, తరువాత 20, 26, 30, 34, 36, 38, 40 వారాలలో. వీటిలో అయిదు చివరి మూడు నెలల్లోనే ఉన్నాయి. రక్తపోటు సమస్యలు, బిడ్డ ఎదుగుదల మందగించడం ఎక్కువగా ఆ కాలంలోనే బయటపడతాయి.

ప్రశ్న: నా భార్యకు తొలి కాన్పులో రాత్రివేళ రక్తస్రావమైంది. నేను ఊళ్లో లేను. నన్ను అడగకుండా కదలకూడదని ఇంట్లోవాళ్లు నాకోసం ఎదురుచూశారు. తరువాత వాహనం దొరకలేదు. మొదట చేరిన చోట రక్తం లేదని వేరే చోటికి పంపారు. అదృష్టవశాత్తు ఇద్దరూ బతికారు. ఇప్పుడు ఆమెకు మళ్లీ అయిదో నెల. ఈసారి ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డాను. ఆ రాత్రి మీ ఇంట్లో జరిగినది ప్రపంచమంతటా తల్లుల మరణాలకు దారితీస్తున్న వరుసే. థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో దానిని మూడు ఆలస్యాలుగా విడదీసి చూపించారు: వైద్యానికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరిన తరువాత సరైన చికిత్స అందడంలో ఆలస్యం. మీ భార్య మూడింటినీ ఒకే రాత్రి దాటింది. 2023లో గర్భం, ప్రసవాలకు సంబంధించిన కారణాలతో ప్రపంచంలో సుమారు 2,60,000 మంది స్త్రీలు మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర ఐక్యరాజ్యసమితి సంస్థలు అంచనా వేశాయి. ఆ మరణాలలో పదింట తొమ్మిదికి పైగా అల్పాదాయ, దిగువ మధ్యాదాయ దేశాలలోనే జరిగాయి. చాలావాటిని ఆపగల వైద్యం ఉంది, అది వేళకు అందలేదు.

మొదటి ఆలస్యాన్ని తొలగించడం పూర్తిగా మీ చేతుల్లో ఉంది, పైసా ఖర్చు కూడా లేదు. ఎవరినీ అడగనక్కరలేదని, ప్రమాద సూచన కనబడిన క్షణమే బయలుదేరాలని ఇంట్లో అందరి ఎదుటా ఈ రోజే చెప్పండి. ఆ నిర్ణయాధికారం ముందుగా మీ భార్యది, ఆమె స్పృహలో లేకపోతే పక్కన ఉన్నవారిది. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖానికీ చేతులకూ హఠాత్తుగా వాపు రావడం, పొట్ట పైభాగంలో నొప్పి, ఫిట్స్, జ్వరం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిని ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనబడే చోట అంటించండి. కాన్పు తరువాత ఆగని రక్తస్రావం చికిత్స అందకపోతే గంటల వ్యవధిలోనే ప్రాణం తీయగలదు. ఫోన్ తీయని భర్త కోసం ఎదురుచూడగలిగినంత సమయం అందులో లేదు.

రెండోదానికి, రాత్రివేళ కూడా వచ్చే వాహనాలు కనీసం రెండింటిని ముందే మాట్లాడి ఉంచండి. ఒకటే ఉంటే అది ఆ రోజు మరొకరికోసం వెళ్లిపోవచ్చు. దారి చాలా దూరమైతే, నెలలు నిండుతుండగానే ఆసుపత్రికి దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికి గానీ, గర్భిణుల కోసం ఏర్పాటు చేసిన వసతి గృహానికి గానీ మారడం మంచిది.

మూడోది మీ చేతుల్లో లేదనిపిస్తుంది గానీ, కొంత ఉంది. సిజేరియన్ చేయగలిగి, రక్తం ఎక్కించగలిగిన ఆసుపత్రి ఏది, అక్కడ రాత్రి మత్తు డాక్టరు ఉంటారా అన్నది ముందే వెళ్లి అడిగి తెలుసుకోండి. దగ్గర కదా అని ఆ సౌకర్యం లేనిచోటికి ముందు వెళ్లడం వల్లనే ఎందరో స్త్రీలకు విలువైన గంటలు వృథా అవుతున్నాయి. ఆమె రక్తం గ్రూపు రాసుకుని, రక్తం ఇవ్వగల బంధుమిత్రులను ఇప్పుడే అడిగి ఉంచండి. ఒకసారి తీవ్ర రక్తస్రావమైన స్త్రీకి మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ కనుక, ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పి, ఈ కాన్పు అన్ని సౌకర్యాలూ ఉన్న చోటే జరిగేలా చూడండి.

ప్రశ్న: ప్రయాణం కష్టమవుతోంది. డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి సరిపెట్టుకోవచ్చా?

జవాబు: సందేహాలు తీర్చుకోవడానికి, రిపోర్టు చూపించుకోవడానికి ఫోన్ ఉపయోగపడుతుంది. కానీ రక్తపోటు చూడటం, మూత్రంలో ప్రొటీన్ పరీక్షించడం, రక్తపరీక్ష, పొట్టను తడిమి బిడ్డ ఏ వైపు ఉందో తెలుసుకోవడం, గుండె చప్పుడు వినడం ఫోన్‌లో జరగవు. ప్రతి పరీక్షకూ పెద్ద ఆసుపత్రికే వెళ్లనక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు ఉన్న దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనూ మామూలు పరీక్షలు చాలా వరకు చేయించుకోవచ్చు.

ప్రశ్న: నాకు ఏడో నెల. మూడో నెలలో వెళ్లినప్పుడు అక్కడి సిబ్బంది అందరి ముందూ కసురుకున్నారు. ఇది నాలుగో కాన్పని వెటకారం చేశారు. అప్పటినుంచి వెళ్లలేదు. మళ్లీ ఆ అవమానం పడలేను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు వెళ్లడం మానేసినందుకు మిమ్మల్ని నిందించను. గర్భిణిని కించపరచడం వైద్యంలో లోపమే. ప్రసవ సమయంలో స్త్రీలను అవమానించడాన్ని, దూషించడాన్ని ఖండిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక ప్రకటన చేసింది. మర్యాద కూడా వైద్యసేవలో భాగమేనని అందులో స్పష్టంగా ఉంది. ఎన్ని కాన్పులైతే ఏమిటి? నాలుగో కాన్పు స్త్రీకి రక్తహీనత, కాన్పు తరువాత రక్తస్రావం గురించి మరింత శ్రద్ధ చూపాలే తప్ప ఆమెను నవ్వులపాలు చేయకూడదు.

అయినా ఈ వారంలోనే వెళ్లండి. వేరే కేంద్రం అందుబాటులో ఉంటే అక్కడికే వెళ్లండి. లేకపోతే మీ తరఫున ధైర్యంగా మాట్లాడగల అక్కనో స్నేహితురాలినో వెంట తీసుకువెళ్లండి. పరీక్ష చేసేటప్పుడు తెర వేయమని, ఏ పరీక్ష ఎందుకో చెప్పమని అడగడం మీ హక్కు. కాన్పు సమయంలో మీరు కోరుకున్న వ్యక్తి పక్కన ఉండవచ్చా అని ఇప్పుడే అడిగి తెలుసుకోండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానిని సిఫార్సు చేస్తోంది. మళ్లీ అలాగే ప్రవర్తిస్తే, తేదీ, వేళ, అన్న మాటలు రాసి ఆ కేంద్రం బాధ్యులకు ఇవ్వమని మీ వెంట వచ్చినవారితో చెప్పండి. ఆ భారం కూడా మీరే మోయనక్కరలేదు.

వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ పట్టుకువెళ్లి, మధ్యలో తప్పిపోయిన పరీక్షలలో ఇప్పుడు చేయగలిగినవేవో అడగండి. గర్భకాలపు మధుమేహ పరీక్షను సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు. ఆ గడువు దాటినా చేయించుకోవచ్చు. ధనుర్వాతం టీకా తీసుకున్నదీ లేనిదీ చెప్పండి. ఈలోగా బిడ్డ కదలికలు ఏ రోజైనా తగ్గినట్లు అనిపిస్తే, ఎవరు ఏమంటారోనని చూడకుండా ఆ పూటే బయలుదేరండి.