ఒకే నంబరు పెట్టుకో తల్లీ

అడయార్, చెన్నై

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అది బెంగళూరు ఉద్యోగం మానేస్తానంటోంది. మళ్ళీ చదువట. అదీ ఒక డిపార్ట్‌మెంటు కాదట, మూడట" అని ఒకటే గాభరా. దాన్ని సముదాయించి ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. తెల్లారేదాకా ఆగలేక లేచి కూర్చుని రాస్తున్నాను.

చెన్నైలో అపార్ట్‌మెంట్లు కట్టే కూలీలను ఎండ ఏం చేస్తోందో తేల్చాలనుకుంటున్నావు. సైటు సంగతి సివిల్ చదివిన నీది, ఒంటి సంగతి మెడికల్ కాలేజీ డాక్టరుగారిది, కూలి డబ్బుల సంగతి ఎకనామిక్స్ ఆయనది. నాకు అర్థమైనది ఇంతే, కానీ మంచి పని అని మాత్రం తెలుసు. 2014లో చెన్నై శివారు మౌలివాక్కంలో పదకొండంతస్తుల కట్టడం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళ పేర్లు పేపర్లో చదివి చాలా రోజులు నాకు అన్నం సహించలేదు. వాళ్ళ దగ్గర నీ తెలుగు కూడా ఒక పరికరమే. గైడ్లు ఇంగ్లీషులో రాసిచ్చిన ప్రశ్నలను వాళ్ళ యాసలో అడగడం నేర్చుకో.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. డేటా రెండు చోట్ల దాచు. పరిశోధన పేపరు మీద ఎవరి పేరు ముందుండాలో మొదటి మీటింగులోనే మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క చుక్క రక్తం తీయనివ్వద్దు. గైడ్లు ముగ్గురున్నా నీ గడువులు చూసే మనిషి ఒక్కరే ఉండాలి, లేకపోతే ముగ్గురూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో "అసలు మీది ఏ సబ్జెక్టమ్మా?" అని అడుగుతారు. నన్నూ అడిగారు. అందుకే ఒక విద్యలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేనంత గట్టిగా ఉండు.

నువ్వు వస్తున్న ఊరు ఇలా రెండు మూడు విద్యలు కలిపే పనికి కొత్తది కాదు. 1952లో జె.డి. బెర్నాల్ అనే పెద్ద శాస్త్రవేత్త మద్రాసు వచ్చి, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని జి.ఎన్. రామచంద్రన్‌గారితో అన్నాడు. ఈయన మద్రాసు యూనివర్సిటీలో ఫిజిక్సు ప్రొఫెసరు, అప్పటికి ముప్ఫయ్యేళ్ళవాడు. కొల్లాజెన్ అంటే తోలులో, కండను ఎముకకు కట్టే స్నాయువుల్లో, ఎముకల్లో ఉండే ప్రోటీను. దగ్గర్లోనే ఉన్న సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆయనకు కంగారూ తోక స్నాయువులోని కొల్లాజెన్ దొరికింది. 1954కల్లా గోపీనాథ్ కర్తాతో కలిసి, అది మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందని తేల్చాడు. ఫిజిక్సు మనిషి తోళ్ళవాళ్ళ గడప తొక్కకపోతే ఆ ముడి ఈ ఊళ్ళో వీడేది కాదు. తర్వాత 1958లో ఆ తోళ్ళ సంస్థకే డైరెక్టరయ్యారు మన తెనాలి దగ్గరి యలవర్రు నాయుడమ్మగారు. మీ తాతయ్య ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసేవారు. నేను మద్రాసులో కెమిస్ట్రీ చదువుతానంటే అడ్డం చెప్పకపోవడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1993 వేసవి. పాలారు ఒడ్డున ఆంబూరు, వాణియంబాడి వైపు తోళ్ళ ఫ్యాక్టరీలు. పచ్చితోళ్ళు కుళ్ళకుండా ఉప్పు పట్టించి తెస్తారు. ఆ ఉప్పు కడిగిన నీళ్ళూ, తోలు పదును చేసిన క్రోమియం నీళ్ళూ నేలలోకి దిగి చుట్టుపక్కల బావులు పాడయ్యాయి. మేం ముగ్గురం కలిసి ఒక ప్రాజెక్టు తీసుకున్నాం. నీళ్ళు నేను చూడాలి, జనం రక్తం, చర్మం ఒక డాక్టరమ్మ చూడాలి, ఇంటింటి సర్వే సోషియాలజీ ఆయన చేయాలి. కలిసి అన్నాను గానీ, ఎవరి జీపు వాళ్ళది, ఎవరి తారీఖులు వాళ్ళవి.

నేను బావులకు నంబర్లు వేసుకున్నాను, ఒకటి నుంచి అరవైనాలుగు దాకా. డాక్టరమ్మ కార్డుల మీద ఇంటిపెద్ద పేరు రాసుకుంది. ఆయన వీధీ, వరుసా రాసుకున్నాడు. రెండేళ్ళయ్యాక మూడూ తెచ్చి ఒకే బల్ల మీద పరిచాం. ఏ మనిషి ఏ బావి నీళ్ళు తాగుతున్నాడో మూడింట్లో ఎక్కడా లేదు! ఒకే వీధిలో ఒకే పేరున్న ఇంటిపెద్దలు నలుగురు. తాగేది ఒక బావి, ఒంటికి పోసుకునేది ఇంకో బావి. పైగా నేను నీళ్ళు పట్టింది మే నెలలో, ఆవిడ రక్తం తీసింది వానలు పడ్డాక, ఉప్పు పలచబడ్డాక. వారం రోజులు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాం. ఏదీ దేనితోనూ కలవలేదు. చివరికి ఎవరి పేపరు వాళ్ళు ఎవరి జర్నల్లో వాళ్ళు వేసుకున్నాం. ఆ పేపరు చూపించి నేను ప్రమోషన్ కూడా తెచ్చుకున్నాను.

నంబర్లు కుదరకపోవడం పైకి కనిపించిన తప్పు. అసలు తప్పు, నేను ఒక్కరోజు కూడా వాళ్ళ జీపు ఎక్కలేదు. సర్వే అంటే సైన్సు కాదని నా మనసులో ఉండేది. ఆయనతో ఒక పూట తిరిగుంటే రెండు బావుల సంగతి మొదటి ఇంట్లోనే తెలిసేది.

ఆ ఊళ్ళో ఒకామె ఉండేది, తమిళం కలిసిన తెలుగు. నేను సీసా ముంచడానికి వెళ్ళినప్పుడల్లా కొంగుతో బావిగట్టు తుడిచి, "మా నీళ్ళు మంచివా కాదా, ఒక్క మాట చెప్పిపోమ్మా" అనేది. "అన్నీ తేలాక చెబుతానమ్మా" అనేదాన్ని. నీళ్ళ సంగతి నాకు అప్పటికే తెలుసు. రక్తం లెక్కలు కూడా కలిశాక నిండుగా చెబుదామనుకుని, ఆ ఒక్క మాటా చెప్పలేదు. మళ్ళీ వెళ్ళలేదు. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసి, ఎవరికి ఎంత నష్టం జరిగిందో మనిషి మనిషికీ తేల్చే అధికార సంస్థను వేయమంది. పేపరు చేతిలో పట్టుకుని ఏడ్చాను. అప్పుడు పనికి రావలసిన లెక్కలు మావి.

అందుకే చెబుతున్నాను, ఒక్కో కూలీకి ఒకే నంబరు. నీ కొలతల్లో, డాక్టరుగారి సీసా మీద, ఎకనామిక్స్ ఆయన కాగితంలో అదే నంబరు, అదే రోజు. పేరును నమ్ముకోకు, ఫోన్ నంబరును అసలే నమ్ముకోకు, సిమ్ములు మారుతుంటాయి. మేస్త్రీ మారితే మనిషే ఇంకో సైటుకు పోతాడు. ఎక్కడికి పోయాడో రాసుకునే గడి ఇప్పుడే పెట్టుకో. "ఎండ" అని ముగ్గురూ అంటారు, ముగ్గురి మనసులోనూ ఒకటే ఉందనుకోకు. నీకది థర్మామీటరు, డాక్టరుగారికి ఒంటివేడి, ఆ కూలీకి మేస్త్రీ నీడకు పోనిస్తాడా లేదా అన్నది. చెన్నైలో ఉక్క మరీ ప్రాణాంతకం. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మామూలు థర్మామీటరు ఒక్కటీ చాలదు, బుడ్డికి తడిగుడ్డ చుట్టింది కూడా పెట్టు. ఆడకూలీలను వేరుగా కూర్చోబెట్టి అడుగు. సైటులో మరుగు లేక నీళ్ళు తాగడమే మానేసేవాళ్ళుంటారు. అది నీ కొలతల్లో కనిపించదు, రక్తంలో కనిపించినా కారణం తెలియదు. వాళ్ళ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

తెలిసింది తెలిసినట్టు వాళ్ళకు చెప్పెయ్యి, పేపరు కోసం ఆగకు. నువ్వు వదిలి వస్తున్న బెంగళూరులోనే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో సైన్సును పల్లెల పనికి తేవడానికి 'ఆస్ట్రా' అని ఒక విభాగం పెట్టారు. మొదలుపెట్టిన అమూల్య రెడ్డిగారు ఎలక్ట్రోకెమిస్ట్రీ మనిషి. వాళ్ళే 1987లో తుమకూరు వైపు పుర అనే పల్లెలో పేడ గ్యాసుతో ఇంజను నడిపి ఇళ్ళకు దీపాలు, మంచినీళ్ళు ఇచ్చారు. గ్యాసు తీశాక మిగిలిన ఎరువు, పేడ తెచ్చినవాళ్ళకే తిరిగి వెళ్ళేది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది అదే.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు దానిమీద అరవకు. టోపీ పెట్టుకో, సైటులో నువ్వు కూడా నీళ్ళు తాగు. చిన్నప్పుడు సెలవులకొచ్చి నా ఆవకాయ జాడీలకు తారీఖులు రాసి చీటీలు అంటించేదానివి, ఆ చేతిరాత మీద నాకు నమ్మకం ఉంది. వచ్చిన మొదటి ఆదివారం ఇంటికి రా, గోంగూర చేస్తాను. అటక మీద నుంచి ఆ బావుల నోటుబుక్కు దింపించాను. ఆమె బావి ముప్ఫయ్యొకటి. ఆ పేజీ మడిచి పెట్టాను.

నీ
పెద్దమ్మ