రెండో గ్రాఫిక్స్ కార్డు వద్దు, ఎస్‌ఎస్‌డీ మాత్రం వెంటనే పెట్టండి

అన్నా, మీరు కడప నుంచి అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల పవర్ సప్లై ఉన్న సిస్టమ్ మీద పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తున్నారు, టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది, తెలిసినవాళ్లు ఇంకో 1650 సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు ఇస్తామన్నారు, అదీ ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, హార్డ్ డిస్క్ కంటే వేగమైన డ్రైవ్) కలిపి వేస్తే స్పీడు రెట్టింపు అవుతుందా అని. ఎస్‌ఎస్‌డీ వేయండి. కార్డు కొనొద్దు. నేను ఈ రెండూ ఒకే రోజు పెట్టి నెలలపాటు తిప్పలు పడ్డాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నాది అనంతపురం, చిన్న మిక్సింగ్ యూనిట్. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక పాత గ్రాఫిక్స్ కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి, గుర్తుందా? అప్పుడు నేను బెంగళూరులో కంప్యూటర్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకు పోయి, నా దగ్గర అప్పటికే ఉన్న జీటీఎక్స్ 1660 సూపర్‌కు జోడీగా అలాంటిదే ఇంకోటి, దాంతోపాటు 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (నేరుగా మదర్‌బోర్డుకే గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఒకటి తెచ్చుకున్నాను. నా సిస్టమ్ రైజెన్ 5 3600, బీ450 బోర్డు. డిసెంబరు ముహూర్తాల పని నెత్తిమీద ఉంది, ఒక రాత్రిలో బిగించేస్తే తెల్లారి నుంచి పని పరిగెత్తుతుందనుకున్నాను.

బిగించి ఆన్ చేస్తే కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపించలేదు సరికదా, ఉన్న డీ డ్రైవ్ కూడా మాయమైంది. అందులో ధర్మవరం పెళ్లి ఫుటేజీ మొత్తం ఉంది, కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి పంపేశాం. ఆ రాత్రి పడిన టెన్షన్ చెప్పలేను. హార్డ్ డిస్క్ కాలిపోయిందేమో అని వైరు పీకి పెట్టి, పీకి పెట్టి, గంటన్నర తర్వాత మదర్‌బోర్డు పుస్తకం తీశాను. అందులో ఒక చిన్న పట్టికలో ఒక్క లైను ఉంది: ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయవు. ఎం.2 అంటే ఆ కొత్త ఎస్‌ఎస్‌డీ గుచ్చే స్లాట్, సాటా అంటే హార్డ్ డిస్క్ వైరు పెట్టే పోర్టు. నా హార్డ్ డిస్క్ సరిగ్గా 5లో ఉంది. వైరు తీసి 2లో పెట్టాను, డీ డ్రైవ్ వచ్చేసింది. డిస్క్‌కు ఏమీ కాలేదు.

అసలు సంగతి అక్కడే ఉందన్నా. ప్రాసెసర్ నుంచీ చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్పు) నుంచీ వచ్చే పీసీఐఈ దారులు, అంటే డేటా నడిచే లేన్లు, లెక్కపెట్టినన్నే ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, సాటా పోర్టులు అన్నీ వాటినే పంచుకోవాలి. బోర్డు మీద రెండు పొడుగు స్లాట్లు కనిపిస్తాయి కదా, రెండూ ఒకలాగే ఉన్నాయి కదా అని రెండూ సమానం అనుకుంటాం. పైది 16 లేన్లది, ప్రాసెసర్‌కు నేరుగా కలుస్తుంది. మామూలు బీ సిరీస్ బోర్డుల్లో కింద ఉన్నది చూడటానికే అంత పొడుగు, లోపల సాధారణంగా 4 లేన్లే ఉంటాయి, అవీ చిప్‌సెట్ ద్వారా వస్తాయి. నా బీ450లో అయితే అది పీసీఐఈ 2.0, అంటే సెకనుకు 2 జీబీ అంతే. మీ బీ660లో ఆ స్లాట్ 3.0 అయ్యుంటుంది, దానికి రెట్టింపు వస్తుంది, అయినా పైదానితో పోల్చలేం.

సరే, రెండో కార్డు నాకేం చేసిందో చెప్తాను. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటన్నర పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కు ముందుకూ తర్వాతకూ రెండు నిమిషాల తేడా వచ్చింది. ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించి రిసాల్వ్ ఉచిత వెర్షన్ విండోస్‌లో ఒక్క కార్డునే వాడుకుంటుంది, రెండు కావాలంటే డబ్బులు పెట్టి స్టూడియో వెర్షన్ కొనాలి. మా అబ్బాయి గేమ్స్‌కైనా పనికొస్తుందనుకుంటే 1660 సూపర్‌లో ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డులను జోడించి గేమ్ నడిపే ఎన్విడియా పద్ధతి) లేనే లేదు, మీ 1650లోనూ లేదు. ఎన్విడియా వాళ్లు 2021 జనవరి నుంచి పాత కార్డులకు కూడా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం ఆపేశారు, జీఫోర్స్‌లో 40 సిరీస్ నుంచి ఆ జోడించే కనెక్టరే తీసేశారు. ఇంకొక అపోహ ఉంది, 4 జీబీ కార్డులు రెండు పెడితే 8 జీబీ అవుతుందని. కాదు. ప్రతి కార్డూ మొత్తం సీన్‌ను తన మెమరీలోనే పెట్టుకోవాలి, 4లో పట్టనిది రెండు కార్డులున్నా పట్టదు.

నాకు నిజంగా పనికొచ్చింది త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఒక్కదానిలోనే. ఇన్విటేషన్ వీడియోలకు త్రీడీ పేర్లు, మండపం సీన్లు చేస్తుంటాను. బ్లెండర్‌లో బొమ్మను తయారుచేసే సైకిల్స్ అనే ఇంజిన్ సెట్టింగ్స్‌లో రెండు కార్డులకూ టిక్ పెడితే 50 నిమిషాల రెండర్ 27కు దిగింది. అక్కడ కింది స్లాట్ నెమ్మదిగా ఉన్నా నష్టం లేదు, సీన్ ఒకసారి కార్డులోకి ఎక్కితే తర్వాత లెక్కంతా లోపలే జరుగుతుంది. కాబట్టి రోజంతా త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఇదే అడిగితే నేను వద్దనను. మీ పని అది కాదు కదా.

ఆ 27 నిమిషాలు కూడా ఊరికే రాలేదు. రెండు కార్డులు ఒక్కోటి 125 వాట్లు, ప్రాసెసర్ 90 దాకా, మిగతావి కలిపితే రెండర్ నడిచేటప్పుడు 400 వాట్లకు అటూ ఇటూ. నా దగ్గరున్న యూపీఎస్ 600 వీఏ, అది ఇచ్చేది 360 వాట్లే. కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ ఒక్క కూత పెట్టి సిస్టమ్‌తో సహా ఆరిపోయేది. మన ఊళ్లలో వేసవిలో కరెంటు సంగతి మీకు చెప్పాలా! పైగా మేలో అనంతపురం 42 డిగ్రీలు. రెండు కార్డుల మధ్య వేలు పట్టేంత సందు, పై కార్డు ఫ్యాన్లు కింది కార్డు వీపు మీది వేడి గాలినే పీల్చుకుంటాయి, ఒంటరిగా ఉన్నప్పుడు 71 డిగ్రీలు చూపించింది 84కు ఎక్కింది. గాలి కోసమని పక్క తలుపు తీసి పెడితే పదిరోజుల్లో ఫ్యాన్ల రెక్కలకు ఎర్రమట్టి దుమ్ము పొరలా పట్టింది. చివరికి జూన్‌లో రెండో కార్డు తీసి ఆల్బమ్ డిజైనింగ్ చేసే కుర్రాడి సిస్టమ్‌లో పెట్టాను. ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

ఎస్‌ఎస్‌డీ మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ప్రతి గంటా నాకు పని చేసిపెడుతోంది. మీ టైమ్‌లైన్ ఎందుకు ఆగుతోందో ఒకసారి చూడండి. 4కే ఫుటేజీ 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైటు) అనుకుంటే ఒక కెమెరాకు సెకనుకు 12.5 ఎంబీ. మూడు కెమెరాలు పెడితే 40 లోపే. హార్డ్ డిస్క్ వరసగా చదివితే 150 దాకా ఇస్తుంది, మరి ఎందుకు చాలడం లేదు? ఎందుకంటే అందులో చదివే ముల్లు తిరిగే పళ్లెం మీద ఒక సమయానికి ఒక చోటే ఉంటుంది, మూడు కెమెరాల ఫైళ్లు మూడు చోట్ల, పాట ఇంకో చోట, క్యాష్ ఫైళ్లు (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునేవి) మరో చోట, అది అటూ ఇటూ పరిగెత్తడంలోనే టైమ్ అంతా పోతుంది. ఎస్‌ఎస్‌డీలో ముల్లూ లేదు, పళ్లెమూ లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, జెన్ 3 (పీసీఐఈ 3.0) ఎన్‌వీఎంఈ 3,500 దాకా ఇస్తుంది.

కొనేటప్పుడు రెండు చూడండి. టీఎల్‌సీ రకమే (ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు దాచేది) తీసుకోండి. బాగా చవకగా వచ్చే క్యూఎల్‌సీ (గదికి నాలుగు బిట్లు దాచే) డ్రైవులు కొన్నిటిలో లోపలి వేగమైన తాత్కాలిక చోటు, అంటే డ్రైవ్ క్యాష్, నిండిందంటే రాసే స్పీడు హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోతుంది, 128 జీబీ కెమెరా కార్డులు వరసగా దించుకునే మన పనిలో అది రోజూ ఎదురవుతుంది. 500 కాకుండా 1 టీబీ తీసుకోండి, రెండో కార్డుకు పెట్టాలనుకున్న డబ్బు ఇటు వేయండి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ మాత్రం ఎంత తక్కువకు వచ్చినా ముట్టుకోవద్దు.

మీ బోర్డులో ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే ఎం.2 స్లాట్‌లో పెట్టండి, 12400ఎఫ్‌లో దానికంటూ ప్రత్యేకంగా 4 లేన్లు ఉన్నాయి, దేనితోనూ పంచుకోవాల్సిన పని లేదు. కరెంటు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి పెట్టి ఆ తర్వాతే డ్రైవ్ పట్టుకోండి. దాన్ని కొంచెం ఏటవాలుగా లోపలికి తోస్తే బంగారు రంగు గీతలు దాదాపు కనపడకుండా పోవాలి, వదిలేస్తే అటు చివర పైకి లేచి నిలబడుతుంది, అది మామూలే. వేలితో మెల్లగా పడుకోబెట్టి స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ బియ్యపు గింజంత ఉంటుంది, కింద తెల్ల టవల్ పరుచుకోండి, పడితే కనిపిస్తుంది. మూత లాంటి హీట్‌సింక్ ఉంటే దాని లోపల ప్యాడ్ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, పీకడం మర్చిపోవద్దు.

ఆన్ చేశాక దిస్ పీసీలో కనపడకపోతే భయపడొద్దు, నాకూ అలాగే జరిగింది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోతే ఇనిషియలైజ్ చేయమంటుంది, సైజు చూసి కొత్తదే అని నిర్ధారించుకుని జీపీటీ (డిస్క్‌ను భాగాలుగా విభజించే కొత్త పద్ధతి) ఎంచుకోండి. విండోస్ కూడా దాని మీదికే కొత్తగా ఎక్కించేట్టయితే, ఎక్కించేంతసేపూ పాత హార్డ్ డిస్క్ వైరు తీసి ఉంచండి. లేదంటే బూట్ ఫైళ్లు పాత డిస్క్ మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది, తర్వాత ఎప్పుడో ఆ డిస్క్ తీసేస్తే సిస్టమ్ లేవదు. విండోస్, క్యాష్, నడుస్తున్న ప్రాజెక్టు ఎస్‌ఎస్‌డీలో, డెలివరీ అయిపోయిన పెళ్లిళ్లు హార్డ్ డిస్క్‌లో. నేనిలాగే పెట్టుకున్నాను.

అంతా చేశాక కూడా టైమ్‌లైన్ ఆగుతుంటే టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్ మీదే బరువంతా పడుతోందేమో చూడండి. మీ ప్రాసెసర్ ఎఫ్ మోడల్, అంటే లోపల గ్రాఫిక్స్ లేదు, కాబట్టి క్విక్ సింక్ (వీడియోను వేగంగా విప్పే ఇంటెల్ గ్రాఫిక్స్ భాగం) కూడా లేదు. కెమెరా 10 బిట్ 4:2:2లో హెచ్.265 (ఎక్కువ రంగు వివరాలతో వీడియోను గట్టిగా కుదించే రకం) రికార్డు చేస్తుంటే మీ 1650 దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేదు (విప్పలేదు), ఎన్విడియాలో అది 50 సిరీస్ నుంచే వచ్చింది, అలాంటివి రెండు పెట్టినా అదే కథ. అదే గనక మీ సమస్య అయితే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు) చేసుకుని ఎడిట్ చేయండి, లేదా తర్వాతెప్పుడైనా ఎఫ్ లేని ప్రాసెసర్‌కు మారండి, 12400లో క్విక్ సింక్ ఈ ఫుటేజీని బాగా లాగుతుంది.

కార్డు మార్చాలనే ఉంటే 1650 అమ్మేసి ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఒక్కటే పెద్ద కార్డు తీసుకోండి. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీది అయితే 170 వాట్లు, కంపెనీ వాళ్లే 550 వాట్ల సప్లై అడుగుతారు, కాబట్టి మీ 450 కూడా మార్చాలి. మాడ్యులర్ సప్లై (వైర్లు విడిగా గుచ్చుకునేది) కొంటే పాతదాని వైర్లు కొత్తదానికి గుచ్చొద్దు, పిన్నులు సరిపోయినా లోపల వోల్టేజీల వరస వేరుగా ఉండొచ్చు, డ్రైవులు కాలిపోతాయి.

బోర్డు మోడల్ నంబరు సాధారణంగా బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, దాని పుస్తకం చూసి ఏ ఎం.2 స్లాట్ వాడాలో, ఏ సాటా పోర్టు ఖాళీగా ఉంచాలో చెప్తాను. అప్పటిదాకా కెమెరా కార్డులు మాత్రం ఫార్మాట్ చేయొద్దు.