ఒరేయ్ నానీ, ముందు డ్రమ్మర్ సంగతి చూడు

నానీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మీ ఇంటి బేస్‌మెంట్‌లో మా అక్క చేత తిట్లు తింటూ వాయించిన మీ పంక్ బ్యాండ్ నలుగురే ఇన్నేళ్ళకి మళ్ళీ కలిసి రికార్డు చేస్తామంటే నాకు సంతోషమే. కాకపోతే ఇదే పని మా స్కూలు రోజుల బ్యాండ్‌తో మేం 2014లో చేశాం, అప్పుడు తగిలిన దెబ్బలు నీకూ తగలక్కర్లేదని రాస్తున్నా. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావు.

ముందు డ్రమ్మర్ సంగతి చూడు. మిగతావాళ్ళం ఎలాగో నెట్టుకొచ్చేస్తాం, పాడేవాడి గొంతు బొంగురుపోతే ఇంకా బాగుందంటారు కూడా, కానీ నిమిషానికి 200 బీట్లు కొట్టాల్సిన పాటలో డ్రమ్మర్‌కి దాక్కునే చోటుండదు. మావాడు మొదటి రిహార్సల్లో మూడో పాటకే చేతులెత్తేశాడు. పోనీ స్లోగా వాయిద్దామని చూస్తే, స్కూల్లో ఉన్నప్పుడు జనాన్ని గోడలకేసి కొట్టిన పాటలు కాస్తా భజనలా వినిపించాయి. తర్వాత నాలుగు నెలలు రోజూ ఇరవై నిమిషాలు టిక్కు టిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, వారానికి నాలుగైదు బీట్లు పెంచుకుంటూ ఒక్కడే కూర్చుని సాధన చేశాడు పాపం. అన్నట్టు, మీ పాత డెమో క్యాసెట్‌ని గుడ్డిగా నమ్మొద్దు. మా క్యాసెట్ కాపీ తీసినప్పుడు అసలు టేపుని తిప్పిన డెక్ ఫాస్ట్‌గా తిరిగింది. గిటార్ పట్టుకుని పోల్చి చూస్తే పాటలన్నీ అర స్వరం పైనున్నాయి, అంటే 200 అనుకున్న స్పీడు అసలు 189 దగ్గర. ఆ పదకొండు బీట్లు అందుకోలేకే మేం ముసలాళ్ళమైపోయామని ఏడ్చాం!

కొత్త పాటలు రాద్దామన్నావు కదా. రాయండి, కానీ తర్వాత. ముందు అప్పట్లో రికార్డు చేయకుండా వదిలేసిన పాటలు ఎన్నున్నాయో లెక్కపెట్టు. కాలిఫోర్నియా పంక్ బ్యాండ్ డిసెండెంట్స్ నీకు తెలుసు కదా, స్టూడెంట్లుగా ఉన్నప్పుడు 1977-80 మధ్య రాసుకున్న పాటల్ని మొదట్నుంచీ ఉన్న ముగ్గురు 2002లో కూర్చుని వాయించి పెట్టుకున్నారు. పాడే మైలో గొంతు కలిపేసరికి 2020 అయింది, కోవిడ్‌లో ఇంట్లో ఉండిపోయినప్పుడు. 2021లో ఆల్బమ్ వచ్చింది. గిటారిస్టు ఫ్రాంక్ నవెట్టా 2008లోనే పోయాడు, కానీ ఆ వాయింపు టేపు మీద ఉంది కాబట్టే అందులో ఆయన ఉన్నాడు. మా వర్జీనియా బ్యాండ్ స్క్రీమ్ కూడా అంతే, 2023లో కొత్త ఆల్బమ్ బయటికొచ్చే కొద్ది వారాల ముందు డ్రమ్మర్ కెంట్ స్టాక్స్ పోయాడు. మీకు నలభై అయిదేళ్ళే, భయపెట్టడానికి చెప్పట్లేదు, "వచ్చే సమ్మర్‌కి చూద్దాం" అన్న మాట మాత్రం మానెయ్.

మాటలు మార్చొద్దు. హిస్టరీ టీచర్ మీద రాసిన పాటని మేం పెద్దరికంగా దిద్దబోయి చంపేశాం, చివరికి పాత లైన్లే పెట్టాం. ఇప్పుడు పాడటానికి నిజంగా సిగ్గేసే పాటుంటే మొత్తం పక్కన పెట్టెయ్, అతుకులు మాత్రం వెయ్యొద్దు.

మాట్లాడటం మానేసిన మీ రెండో గిటారిస్టుకి నువ్వే ఫోన్ చెయ్. వాట్సాప్ మెసేజ్ కాదు, ఫోన్. వీడు చేస్తాడని వాడూ, వాడు చేస్తాడని వీడూ కూర్చుని మేం ఏడాది పోగొట్టుకున్నాం. తీరా నేను చేస్తే అతను కోపం లేదన్నాడు, వాయించే ఇంట్రస్టూ లేదన్నాడు, పిల్లల కాలేజీ ఫీజుల గురించి గంటసేపు మాట్లాడాడు. అతను రాసిన పాటలకి పేరు వేసి, వాటా రాసిచ్చి, మేమే వాయించుకున్నాం. వాటా అంటే గుర్తొచ్చింది, పాట రాసిన హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. రెండూ ఎవరెవరికి ఎంతో స్టూడియోలో అడుగు పెట్టకముందే ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహం ఉంది కదా అని వదిలేస్తే తర్వాత మొహమాటం ఇంకా పెరుగుతుంది.

డబ్బు మీ జేబులోంచే పెట్టుకోండి. 1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్ పిల్లలు విడిపోతూ, షోల మీద కూడబెట్టిన 600 డాలర్లు పంచుకోకుండా 8 పాటల సెవెన్ ఇంచ్ చిన్న రికార్డు వేశారు, డిస్కార్డ్ అనే రికార్డు కంపెనీ అలా మొదలైంది. కవర్లు కూడా చేత్తో మడిచారు. నువ్వేమో టీషర్టులు ఎన్ని కొట్టించాలని అడుగుతున్నావు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మీ దగ్గర పాత రీల్ టేపులుంటే ఆత్రంగా మెషీన్ ఎక్కించొద్దు. కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమకి మెత్తబడి, తిప్పితే పొడి ఊడి వచ్చేస్తుంది. తెలిసినవాళ్ళకిస్తే 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసి ఆరబెడతారు, తర్వాత కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది. ఈ సంగతి నాకు 1983 టేపులో ఒకటిన్నర పాట పోయాక తెలిసింది, తిప్పింది నేనే. అన్ని కాపీలూ అచ్చు వేసేముందు పంపే నమూనా రికార్డులు, అదే టెస్ట్ ప్రెస్సింగ్, వచ్చినప్పుడు కూడా ఒక్క ప్లేయర్ మీద విని ఓకే అనెయ్యకు, నాలుగిళ్ళల్లో నాలుగు ప్లేయర్ల మీద వినండి, టకటకలు అన్ని కాపీల్లోనూ ఒకే చోట వస్తున్నాయో లేదో చూడండి.

చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో. నా ఎడమ చెవిలో ఈల ఇంకా ఆగలేదు.

వచ్చే నెల అక్క దగ్గరికి వస్తున్నా, నా బేస్ గిటార్ ఆంప్లిఫయర్ కార్లో వేసుకొస్తా, మీకివ్వడానికే. చాలా బరువు, మెట్లు దించడానికి ఇద్దరుండాలి, నా నడుముని లెక్కలో వేసుకోకు. ఈసారి బేస్‌మెంట్‌లో ఏం జరగబోతోందో మీ అమ్మకి నువ్వే చెప్పు, నన్ను ఇరికించకు.

మామయ్య