ఇసుక దొంగలను ‘మాఫియా’ అనడం సరైనదేనా?

ఇసుక దొంగతనానికి అంత పెద్ద మాట ఎందుకని అడిగారు. మా ఊళ్లో జరిగింది చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, సరైన మాటే.

మాది పెన్నా ఒడ్డు. చీకటి పడితే లైట్లు ఆర్పుకుని ట్రాక్టర్లు ఏట్లోకి దిగేవి. ఇసుక పోయేకొద్దీ మా బోర్లలో నీళ్లు అడుగంటాయి. ఒక రాత్రి మా నాన్న ఏటి దారిలో ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డారు. నేనూ పక్కనే ఉన్నాను. డ్రైవరు మా వీధి కుర్రాడే. దిగివచ్చి నాన్న చేతులు పట్టుకుని, "పెదనాన్నా, ఇంటికెళ్లిపోండి. మీరు అడ్డమొచ్చారని నేనైతే చెప్పను. ఇంకెవరైనా చెబితే నా చేతిలో లేదు" అన్నాడు. ఆ అబ్బాయి గొంతు వణుకుతోంది.

మర్నాడు అర్జీ రాసి సంతకాలకు ఇల్లిల్లూ తిరిగాం. బోరు ఎండిపోయి మా దగ్గర ఏడ్చినవాళ్లు కూడా "మాకెందుకయ్యా" అని తలుపేసుకున్నారు. నాన్న ఒక్కరే సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చారు. సాయంత్రానికి దాని జెరాక్సు ఇసుక ముఠా చేతిలో ఉంది!

మాఫియా పుట్టిన ఇటలీలోని సిసిలీ దీవిలో ఈ నోరు మూసుకోవడాన్ని ఒమెర్తా అంటారు. 1982లో ఇటలీ తెచ్చిన చట్టం మాఫియా ముఠాను నిర్వచిస్తూ ఈ మాటనే వాడింది. ఆ నిర్వచనం ప్రకారం ముఠా పేరు చెబితేనే జనం జంకాలి, లొంగాలి, నోరు మెదపకూడదు. 1991లో సిసిలీలోని పలెర్మో నగరంలో లిబెరో గ్రాస్సి అనే ఫ్యాక్టరీ యజమాని మాఫియాకు మామూళ్లు ఇవ్వనని పేపర్లో బహిరంగంగా రాశాడు. తోటి వ్యాపారులు అండగా నిలవలేదు. ఆ ఏడాది ఆగస్టులోనే మాఫియావాళ్లు అతన్ని వీధిలో కాల్చి చంపారు.

మన టీవీవాళ్లు మాత్రం టమాటా ధర పెరిగితే టమాటా మాఫియా, ఫీజులు పెరిగితే కోచింగ్ మాఫియా అంటారు. ధర పెంచిన వ్యాపారిని నడిబజారులో నిలబెట్టి తిట్టొచ్చు, ఎవరూ భయపడరు. అక్కడ ఆ మాట వాడి వాడి అరగదీశారు. నిజంగా వాడాల్సిన చోట "ఇసుక మాఫియా ఆగడాలు" అని హెడ్డింగు పెట్టి, లోపల "కొందరు వ్యక్తులు" అని రాసి వదిలేస్తారు. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఆ పేర్లు పేపర్లో ఎందుకు రావు?